అడిగినవాణ్ణి కాదనలేక

తాతబ్బాయి ఫోన్లోని టార్చిలైటు పొద్దున్నే కిందికి దిగి వీధరుగు మీద కూర్చుంటాడు. తెల్ల లాల్చీ, భుజాన తువ్వాలు. ఫోను కొన్ననాడు దాంతోపాటే వచ్చినవాడు, పిలవకపోయినా ఇంటివాడే కనుక తాతబ్బాయి భార్య చంటెమ్మ కాఫీ ఇస్తుంది. అతను తాగుతుంటే గొంతులోంచి కాఫీ దిగడం బయటికి కనిపిస్తుంది.

"ఓసారి ఫోన్లో ఉన్న మీవాళ్లందర్నీ చూసుకోవచ్చాండీ?" అంటాడు.

"వెలుగేసుకునేవాడివి, మావాళ్లతో నీకేం పనయ్యా?"

"ఎవరి మీద వెయ్యాలో తెలియాలి కదండీ."

మాట సబబుగానే ఉంది. పైగా గడప దగ్గర నిలబడి అడిగినవాణ్ణి కాదనడం తాతబ్బాయి ఇంటావంటా లేదు. దానిదేముంది, చూసుకోమంటాడు.

తాతబ్బాయిది సంబంధాలు కుదిర్చే పని. నోటితో ఎంత తియ్యగా చెప్పినా, ఫోన్లో నంబరు దగ్గర మాత్రం పేరు రాయడు. రేపు తనే మర్చిపోకుండా నిజం రాసుకుంటాడు.

కాఫీ గ్లాసు కడిగేలోపే జనం వచ్చేస్తారు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఒకరి వెనక ఒకరు ఫోన్లోంచి బయటికొస్తారు. చోటు చాలక వసారా మర్యాదగా కాలువగట్టు దాకా సాగుతుంది. ప్రతివాడి నుదుటి మీదా తాతబ్బాయి రాసుకున్నది వెలుగుతూంటుంది. ఒకాయనకి "విగ్గు". ఒకావిడకి "ఫొటో పాతది". ఎవరి నుదురు వాళ్లకి కనపడదు కనుక అందరూ పక్కవాళ్లని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

తాతబ్బాయికి చెమటలు పడతాయి. మంగాయమ్మ కూతురికీ సత్తిరాజు కొడుక్కీ ఇవాళే ఈ ఇంట్లో తాంబూలాలు. పిల్ల వెన్నముద్దని అటు చెప్పాడు, పిల్లాడు మాటకారని ఇటు చెప్పాడు. ఇది చెడితే ఇక జిల్లాలో ఏ అరుగూ అతన్ని ఎక్కనివ్వదు.

ఆరిపోవయ్యా బాబూ అని టార్చిలైటుని బతిమాలుతాడు.

"మీరిచ్చారు, నేను పుచ్చుకున్నాను. పుచ్చుకున్నది తిరిగివ్వడం మా ఇళ్లల్లో లేదండి."

తాతబ్బాయి పరుగున వెళ్లి పిల్లాడి నుదుటికి తువ్వాలు చుడతాడు. అక్షరాలు మెల్లిగా తువ్వాలు పైకెక్కి కూర్చుంటాయి: "నోరు విప్పడు". పక్కన పిల్ల నుదుటి మీద: "ఎవరి మాటా వినదు".

పెద్దలిద్దరూ చదువుతారు. ఆలోచించుకోవడానికి ఫ్యాను కూడా ఆగుతుంది.

"మీవాడు నిజంగా విప్పడాండీ?" అంటుంది మంగాయమ్మ.

"చిన్నప్పట్నించీ అంతేనండి. మీ అమ్మాయో?"

"నా మాటే వినదండి."

సత్తిరాజు మొహం విప్పారుతుంది. "మరింకేం కావాలండీ! మావాడు చెప్పడు, మీ అమ్మాయి వినక్కర్లేదు. ఇంతకంటే ఈడూజోడూ ఎక్కడ దొరుకుతుంది వదినగారూ?"

తాంబూలాలు మారతాయి. తాతబ్బాయి మొహం తుడుచుకుని, గర్వంగా, తన నుదుటి మీద ఏముందో చెప్పమంటాడు.

"ఏమీ లేదండి," అంటాడు టార్చిలైటు. "మీ ఫోన్లో మీరు లేరుగా. వాళ్ల ఫోన్లలో ఉన్నారు."

తాతబ్బాయి వీధిలోకి చూస్తాడు. వచ్చినవాళ్లందరి టార్చిలైట్లూ తెల్ల లాల్చీల్లో గడప అవతల వరసగా నిలబడి ఉన్నారు. చేతులు కట్టుకుని, రావచ్చాండీ అని అడుగుతారు.

గడప దగ్గర అడిగినవాళ్లు. తాతబ్బాయి రండంటాడు.

ఒక్కొక్కరే వచ్చి అతని నుదుటి మీద రాస్తారు. చోటు చాలక నుదురు పొడుగవుతుంది. గుమ్మం దాటి, వసారా పొడుగునా సాగి, కాలువ నీళ్లలోంచి అవతలి గట్టెక్కుతుంది. చంటెమ్మ దాన్ని చాపలా దులిపి పరుస్తుంది. దాని మీదే బంతులు తీరుతాయి, ఆకులు పడతాయి. విస్తరి కాస్త పక్కకి జరిపి కింద ఏముందో చదువుకుని, పొలమారేలా నవ్వుకుంటూ తింటారు.

"ఏం రాసుందో ఎవరైనా చెప్పండర్రా," అంటాడు తాతబ్బాయి. ఎవరి నోరూ ఖాళీ లేదు.

నుదురు చివర, కాలువ అవతలి గట్టు మీద, కొత్త జంట కూర్చుని ఉంది. పిల్లాడు వంగి చూస్తాడు. నోరు విప్పి, మొదటి మాట నుంచి పైకి చదవడం మొదలుపెడతాడు. పిల్ల జడ వెనక్కి తోసుకుని, చెవి అతనివైపు పెట్టి, వింటూంటుంది. అక్కడి మాటలు తాతబ్బాయి దాకా రావు. వాళ్లిద్దరూ నవ్వినప్పుడల్లా మాత్రం అతని నుదుటి మీద కాలువ నీళ్లు చల్లగా అలలు పోతాయి.