వదలని బ్రేకు

గవర్రాజు కారుకి తలుపులు చేసింది బీరువాలు చేసే మేస్త్రీ. ఎంత మెల్లగా వేసినా అవి బీరువా మూసినట్టే మోగుతాయి. వేలంలో కొన్న జీపు చాసీ మీద ముసలి ఫియట్ ఇంజను కూర్చోబెట్టి, రెండేళ్ళ ఆదివారాలు ధారపోసి, మద్దిలపాలెంలో ఇంటి ముందే కట్టాడు దాన్ని. వీధిలో అందరూ "గవర్రాజు బీరువా" అంటారు. ఆయన ఎదురుగా మాత్రం కారనే అంటారు.

ఈ సాయంత్రమే దాని మొదటి సవారీ. పెళ్ళాం కాంతాన్నీ, మూడేళ్ళ కూతుర్నీ ఎక్కించుకుని సింహాచలం కొండెక్కి, పూజ చేయించి, మళ్ళీ ఆ మలుపులన్నీ దిగాలి. బ్రేకులకేమో ఈ వారమే కొత్త లైనింగులు వేశారు.

"కొత్త లైనింగుల్తో కొండెక్కితే దిగడవే ఉంటాది, ఆగడం ఉండదు బావా," అని అడ్డుపడింది కాంతం చెల్లెలు తాయారు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ సెక్షనంతటికీ ఆమె ఒక్కతే ఆడపిల్ల. "నీకెందుకమ్మా ఈ సెక్షను" అని అడుగుతూనే మాస్టర్లు ఆమెను ఫస్టు క్లాసులో పాసు చేశారు. ఆ లైనింగులకు రివెట్లు కొట్టింది కూడా తనే.

అందుకని మిట్టమధ్యాహ్నం బావా మరదళ్ళిద్దరూ స్టీలు ప్లాంటు వైపు కొత్తగా వేసిన రోడ్డు మీదికి వచ్చారు. ఇళ్ళు ఇంకా రాలేదు. మనుషులూ రాలేదు. రోడ్డొక్కటే ముందొచ్చి కూర్చుంది.

"స్పీడందుకో. ఇప్పుడు మెల్లగా తొక్కు. బండి ఆగకముందే వదిలీ. లైనింగు డ్రమ్ములో ఒక్కలా అరిగి కూకోవాల. మజ్జలో చల్లారనియ్యాల."

"బ్రేకులికి ట్యూషనేటే!" అన్నాడు గవర్రాజు. అన్నా, చెప్పినట్టే చేశాడు.

మొదట్లో కారు ఎడమకి లాగింది. తర్వాత తిన్నగా వచ్చింది. ఆ తర్వాత తొక్కినప్పుడల్లా పట్టు పెరిగింది.

"సూసినావా మరదలా! కాలు ఆనిత్తే సాలు, ఆగిపోతంది!"

తాయారు సంతోషించాల్సింది. కానీ బ్రేకు అన్నాక కొంత మెరుగుపడి అక్కడ కుదురుకోవాలి. ఇది కుదురుకోవడం లేదు, పెరుగుతూనే ఉంది. కాలు తీశాక కూడా కారు, వెనకనుంచి ఎవరో కొంగు పట్టుకున్నట్టు ఈడ్చుకుంటూ పోతోంది. చదును రోడ్డు మీద ఇంజను మూలుగుతోంది. కాలిన వాసన మొదట్లో మామూలేనని తనే చెప్పింది. ఆ వాసన ఇప్పుడు గొంతులోకి దిగింది.

రోడ్డు చివర, ఇసక లారీలు తిరిగే దారి వైపు దిగుడుంది. అందులో సగం దిగాక ఆపించింది.

"ఇంజను కట్టీ. గేరు తీసీ. ఇప్పుడు బ్రేకు మీంచి కాలు తియ్యి."

"తీసీసాను."

"హేండు బ్రేకో?"

"దాని తీగ ఇంకా ఎయ్యనేలేదు కదే."

కారు కదల్లేదు. దిగుడులో, ఎవరూ పట్టుకోకుండా, నిలబడింది. వేడెక్కిన చక్రాలు టక్కు టక్కుమంటున్నాయి.

"ఓలమ్మో! కాలు తీసినా వదల్లేదు! ఇలాటి బ్రేకు కలెక్టరు కారుకైనా ఉంటాదేటి?"

తాయారు వంగి చక్రం వైపు చూసింది. "బావా, బ్రేకులో ఏ ఆయిలు పోసినావు?"

ఎప్పుడడుగుతారా అని కాచుకున్నవాడిలా నవ్వాడు గవర్రాజు. "కొట్లో అమ్మే సీసా నీళ్ళు కాదులే. పోర్టులో నా క్రేనుకి పోసేది. బుధవారం పోసాను. టన్నులకి టన్నులు గాల్లో నిలబెడతాదే అది! ఈ కారొక లెక్కా?"

"క్రేను రబ్బర్లు ఏరు, ఈ బ్రేకు లోపలి రబ్బర్లు ఏరు. ఆ ఆయిలు తగిలితే ఇయ్యి ఉబ్బిపోతాయి. ఉబ్బి పట్టీసినాయి, అందుకే వదల్డం లేదు. తరవాత మెత్తబడి సిరిగిపోతాయి. అప్పుడు తొక్కితే ఏటీ ఉండదు. నువ్వు కొండ దిగతా ఉంటావు. పక్కన అక్క. దాని వొళ్ళో గుంట."

"పదేళ్ళై క్రేను తోల్తన్నాను. నాకు ఆయిలు సంగతి సెప్తావేటి? ఎక్కు. మీ అక్క సీర కట్టుకుని కూకునుంటాది."

తాయారు ఎక్కలేదు. రోడ్డు పక్కనుంచి రెండు రాళ్ళు దొర్లించుకొచ్చి ముందు చక్రాలకి అడ్డం పెట్టింది. స్పానరు తీసుకుని వెనక చక్రం దగ్గర పడుకుంది.

"ఏటి సేత్తన్నావే?"

"బ్రేకులో బిగిసిన ఆయిలు వదిలీస్తన్నాను. నాను సెప్పింది తప్పైతే కారు ఇలాగే ఉంటాది. నువ్వు లోపలే ఉండు."

చక్రం వెనక ఆయిలు వదిలే నిపులు వదులు చేసింది. నూనె చిమ్మింది. నల్లగా ఉంది. అందులో సన్నటి రబ్బరు పీలికలు. మరుక్షణం కారు నాలుగు చక్రాల మీదా ఒక్కసారే వదులై, ముందుకు దొర్లి, రాళ్ళకి గుద్దుకుంది. తాయారు గబగబా నిపులు బిగించి లేచింది.

"ఇప్పుడు తొక్కు బావా."

తొక్కాడు. కాలు అడుగు రేకు దాకా వెళ్ళింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ. రేకు మీద చెప్పు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆయన ఆమె వైపు చూడటం మానేసి, ముందు అద్దంలోంచి దిగువకి చూశాడు. కింద ఇసక లారీ ఒకటి అడ్డంగా వెళ్తోంది.

"తాయారూ... రాళ్ళు గట్టిగానే ఎట్టినావు కదే?"

కుడివైపు రాయి కంకర మీద బెత్తెడు జారింది.

"గేరెయ్యి. మెల్లగా."

గేరు పడింది. కానీ ఆ ముసలి ఇంజనుకి అంత బరువు ఆపే ఊపిరి లేదు. లోపల ఏదో ఉస్సుమంది. కారు ఇంకాస్త రాయి మీదికి వాలింది.

"దిగీ బావా. కుదపకుండా దిగు."

పక్కలో నిద్రపోతున్న కూతురు లేవకుండా మంచం దిగేవాడిలా, గవర్రాజు ఒక కాలు కింద పెట్టి, రెండోది పెట్టాడు.

"కొండకి బస్సులో ఎల్దారి," అన్నాడు గుసగుసగా, కారు వింటుందేమో అన్నట్టు.

రాయి మళ్ళీ జారింది.