ఫాల్క్‌కి చెప్పాల్సిన మాటలు

టోర్‌గేర్ బ్రాటన్ అంటే నార్వేలో సగం మందికి ఎవరో తెలియదు. హోకన్ ఫాల్క్ అంటే మాత్రం చంటిపిల్లల తల్లులు కూడా మొహం చిట్లించేవాళ్ళు. ఇద్దరూ ఒక్కడే. బుధవారం సాయంత్రాలు వచ్చే సీరియల్లో ఫాల్క్ చేపల ఫ్యాక్టరీ యజమాని. తమ్ముడి పడవ కాజేశాడు, పనివాళ్ళని వీధిన పడేశాడు, మంచాన పడ్డ భార్యని వదిలేసి ఓస్లో చెక్కేశాడు. టోర్‌గేర్ పదేళ్ళకు పైగా ఆ పాపాలన్నీ చేస్తూ బతికాడు.

నాటకాల్లోంచి వచ్చినవాడు. ఒక్క చలికాలం చేసి మానేద్దామనుకున్నాడు. ఈలోగా కూతురు పుట్టింది, ఇల్లు కొన్నారు, ఆ చలికాలం అలా సాగుతూనే పోయింది. రొట్టెల దుకాణంలో అమ్మాయి అతనికి కావాలని నిన్నటి రొట్టె ఇచ్చేది. ఓసారి అడవిలో స్కీయింగ్ చేస్తుంటే ఒక ముసలాయన దారికి అడ్డం నిలబడి, తమ్ముడి పడవ తిరిగిచ్చెయ్యమని బుద్ధి చెప్పి మరీ పంపాడు. ఇంటికొచ్చి ఆ కథ చెబితే భార్య, కూతురు పడీ పడీ నవ్వారు. అతను కూడా నవ్వాడు గానీ, ఆ దారిన మళ్ళీ వెళ్ళలేదు.

చివరికి సీరియల్ రాసేవాళ్ళే ఫాల్క్‌ని తుఫానులో ముంచి చంపేశారు. ఎవరో సంబరంగా స్టూడియోకి కేకు పంపించారు. ఆ తర్వాత టోర్‌గేర్‌కి పని లేకుండా పోయింది. వెళ్ళిన ప్రతిచోటా మర్యాదగానే మాట్లాడేవాళ్ళు, మీ మొహం మరీ తెలిసిన మొహం అయిపోయిందండీ అనేవాళ్ళు. ట్రోన్‌హైమ్‌లో ఒక నాటకంలో పాస్టరు వేషం దొరికింది. మొదటిరోజే ఆశీర్వదించడానికి చెయ్యెత్తితే హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు పుట్టింది సినిమా తీయాలన్న పట్టుదల. కోరిక పాతదే. షూటింగులో తన వంతు వచ్చేదాకా వెళ్ళి కెమెరా వెనక నిలబడేవాడు. కెమెరా నడిపే ఇంగ్విల్ విసుక్కున్నా వదలకుండా, ఇక్కడ్నుంచే ఎందుకు తీస్తున్నావు, కిటికీ వైపు ఎందుకు తిప్పలేదు అని అడిగేవాడు. దేని గురించి తీయాలో కూడా తెలుసు. అన్నేళ్ళు చేపల ఫ్యాక్టరీ నడిపినవాడు ఒక్కసారి కూడా నిజం చేపని చేత్తో పట్టుకోలేదు. సెట్లో ఉన్నవన్నీ ప్లాస్టిక్ కాడ్ చేపలు. పడమటి తీరంలో అలాంటి ఫ్యాక్టరీల్లో నిజంగా చేపలు కోసిన ఆడవాళ్ళ గురించి తీస్తానన్నాడు. ఇంగ్విల్ తన కెమెరా పట్టుకుని వచ్చేసింది.

ఏప్రిల్‌లో ఇద్దరూ పడవ దిగి తెర్నోయ్ దీవిలో అడుగుపెట్టారు. అక్కడి ఫ్యాక్టరీ మూతపడి ముప్పై ఏళ్ళు. రేకులు తుప్పుపట్టినా భవనం నిలిచే ఉంది. అందులో పనిచేసిన ఆడవాళ్ళలో చాలామంది ఊళ్ళోనే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. కొట్లో టోర్‌గేర్‌ని చూడగానే సరుకులు అక్కడే వదిలేసి పక్క వరసలోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఊరి హాల్లో అందరికీ కాఫీ, వాఫుల్స్ అని పిలిస్తే పాస్టరు ఒక్కడే వచ్చాడు. మిగిలిన వాఫుల్స్ రెండు పూటలు వీళ్ళే తిన్నారు.

ఫ్యాక్టరీ గేటుకి ఎదురుగా ఆస్లౌగ్ అనే పెద్దావిడ ఇల్లు. ఆవిడ వంటింటి కిటికీలోంచి ఫ్యాక్టరీ మొత్తం కనిపిస్తుంది. ఆ కిటికీ కోసమే టోర్‌గేర్ వానలో వెళ్ళి తలుపు తట్టాడు. ఆవిడ తలుపు సగమే తీసి, గడపకి అడ్డంగా నిలబడింది.

"భార్య అలా మంచాన ఉంటే వదిలేసి ఎలా వెళ్ళావయ్యా?"

"అమ్మా, అది నేను కాదు. రాసేవాళ్ళు వేరే ఉంటారు."

"నోరు నీదేగా?"

ఈ మాటకి అతని దగ్గర ఎన్నో జవాబులు ఉన్నాయి. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి అరగదీసినవే. ఆ రోజు మేజోళ్ళలోకి నీళ్ళు దిగి, వెనక ఇంగ్విల్ కెమెరాని కోటు కింద దాచుకుని వణుకుతుంటే, అవన్నీ పక్కన పెట్టేశాడు. క్షమించమన్నాడు.

"నాకెందుకు క్షమాపణ? నేనేమన్నా నీ పెళ్ళాన్నా?" అంది ఆస్లౌగ్. "ఫ్యాక్టరీ సంగతి చెప్పు."

టోర్‌గేర్ మొహం మీది వాన తుడుచుకున్నాడు. "ఫ్యాక్టరీ మూసేసినందుకు క్షమించండి. ముందుగా ఒక్క మాటైనా చెప్పనందుకు."

అదేదో సరదాకి అన్నట్టు అనలేదు. అలా అనడం అతనికి చేతకాలేదు. ఆవిడ తలుపు పిడి మీద చెయ్యి అలాగే ఉంచి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత పక్కకి జరిగింది.

"కాళ్ళు తుడుచుకుని రండి."

లోపల కాఫీ పోసింది, రొట్టె మీద గోధుమరంగు చీజ్ కోసి పెట్టింది. కెమెరా పెట్టుకోవచ్చా అని ఇంగ్విల్ అడిగితే పెట్టుకోమని చెయ్యి ఊపింది. ఇక ఆగలేదు. ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్నే అందరూ ఎప్పట్లాగే ఏప్రన్లు చంకన పెట్టుకుని పనికి వెళ్ళారట. గేటుకి తాళం. గేటు తీసేవాడు ఆలస్యంగా లేచాడనుకుని మంచులో నిలబడి కబుర్లు చెప్పుకున్నారు, పాటలు కూడా పాడుకున్నారు. మధ్యాహ్నానికి గానీ తెలియలేదు, యజమాని శనివారమే సామాను సర్దుకుని వెళ్ళిపోయాడని. ఆయన మళ్ళీ దీవికి రాలేదు. దక్షిణాన ఎక్కడో చనిపోయాడని తర్వాతెప్పుడో విన్నారు.

ఆ సాయంత్రం సత్రంలో ఇంగ్విల్ తీసినదాన్ని చూపించింది. టోర్‌గేర్ మెడ నిక్కించి చూశాడు. ఆస్లౌగ్ ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు. వేలు టోర్‌గేర్ వైపు చూపిస్తూ, మీరు తాళం వేశారు, మీరు వెళ్ళిపోయారు అనే చెప్పింది.

"ఆవిడ నీకు చెప్పట్లేదు. ఫాల్క్‌కి చెబుతోంది," అంది ఇంగ్విల్.

"వాణ్ణి వదిలించుకోవడానికే కదా నేను ఈ సినిమా మొదలుపెట్టింది. మళ్ళీ వాడి కోటు తొడుక్కోమంటావా?"

"కోటు అక్కర్లేదు. మొహం చాలు."

మర్నాడంతా అతను ఆమెతో మాట్లాడలేదు. ఒడ్డునే ఒంటరిగా తిరిగాడు. నలభై దాటాక మొదటిసారి తన సొంతమని ఒక పని మొదలుపెడితే, అందులోకి కూడా ఆ ముదనష్టపు ఫాల్క్ వచ్చి కుర్చీ వేసుక్కూర్చుంటున్నాడు. కోపమే కాదు, సిగ్గు కూడా వేసింది. తిరిగి సత్రానికి వచ్చేసరికి గుమ్మంలో ముగ్గురు పెద్దావిడలు గొడుగులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆస్లౌగ్ ఊరంతా చెప్పేసినట్టుంది. అతన్ని ఎగాదిగా చూసి, సీరియల్లో ఫాల్క్ వేసుకునే ఆ బూడిదరంగు కోటు తేలేదా అని అడిగారు. లేదంటే కాస్త నిరుత్సాహపడ్డారు కూడా.

అప్పటితో అతని పంతం సడలింది. ఫ్యాక్టరీలో వాళ్ళు ఒకప్పుడు భోజనం చేసిన గదిని ఊడ్పించి, ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించాడు. ఒకదాంట్లో వాళ్ళ యజమాని స్థానంలో తను కూర్చున్నాడు. ఎవరేమన్నా జవాబు చెప్పకూడదని తనకి తనే నియమం పెట్టుకున్నాడు.

వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఒకామె తన కత్తి లోపలే ఉండిపోయిందని చెప్పింది. తన చేతికి తగ్గట్టు ఏళ్ళ తరబడి సానబెట్టుకున్న కత్తి, గేటు సందులోంచైనా ఇప్పించి ఉండాల్సింది కదా అని నిలదీసింది. ఒకామె అప్పుడు ఏడోనెల గర్భిణి. ఇంకొకామె బండబూతులు తిట్టి, లేచేటప్పుడు మనవరాలికని సంతకం అడిగి తీసుకెళ్ళింది. కొందరు మొదట నవ్వుతూ మొదలుపెట్టారు. ఏదో నాటకం అన్నట్టు ఇంగ్విల్ వైపు చూసేవాళ్ళు. రెండు మూడు మాటలయ్యాక ఆ చూపు మారిపోయేది. టోర్‌గేర్ వింటూ ఉన్నాడు. ఒంటి మీదకి వచ్చే మాటల్ని తప్పించుకోవడం అలవాటైన మనిషి. ఇప్పుడు తప్పించుకోకుండా కూర్చోవడమే పని అయింది. రోజు ముగిసేసరికి బస్తాలు మోసినట్టు నడుం పట్టేసేది.

చివర్లో బోర్గిల్డ్ వచ్చింది. పొడవాటి మనిషి, ఆ ఫ్యాక్టరీలో అందరికంటే వేగంగా చేప కోసేదని మిగతావాళ్ళు చెప్పారు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బయట సముద్రపు కాకులు అరుస్తున్నాయి.

"ఆ సోమవారం మీరు ఎందుకు రాలేదు?" అంది.

టోర్‌గేర్ నియమం ప్రకారం మౌనంగా ఉన్నాడు.

"ఎందుకు రాలేదు?" గొంతు పెంచలేదు, అంతే మెల్లగా మళ్ళీ అడిగింది.

ఫాల్క్ అయితే ఇక్కడ చేతి గడియారం చూసుకుంటాడు. పదేళ్ళు అలా చూసుకున్నవాడికి చెయ్యి దానంతటదే కదలబోయింది. దాన్ని బల్ల మీదే అదిమిపెట్టాడు.

"భయమేసింది," అన్నాడు. "మీ మొహాలు చూడాలంటే భయమేసింది."

బోర్గిల్డ్ తల ఆడించింది. "అదా సంగతి," అంది. లేచి, కుర్చీ బల్ల కిందకి తోసి వెళ్ళిపోయింది.

భయమేసిందన్న ఆ మాట సినిమాలో ఉంచాలా వద్దా అని చలికాలమంతా ఇద్దరూ పోట్లాడుకున్నారు. సినిమా అంటే అదే కదా అంటుంది ఇంగ్విల్. తీసేద్దామంటాడు టోర్‌గేర్. చచ్చిపోయిన యజమాని తరఫున ఒప్పుకోవడానికి తనెవడు? వాడికి భయం వేసిందో, అసలు వీళ్ళు గుర్తే లేరో ఎవరికి తెలుసు? ఒక పెద్దావిడని ఓదార్చడానికి అబద్ధం చెప్పినట్టు కాదా? ఆ మాట తనలో ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే అంతుబట్టలేదు. తేల్చుకోలేక, ఒక్కడే పడవెక్కి దీవికి వెళ్ళాడు.

బోర్గిల్డ్ ఇంటి వెనక కట్టెలు పేరుస్తోంది. అతను చెప్పిందంతా పని ఆపకుండానే విన్నది.

"నువ్వు ఆయన కాదని నాకు తెలీదనుకున్నావా? నాకింకా మతి పోలేదు నాయనా."

"మరి?"

"ఎవరో ఒకరు జవాబు చెప్పాలిగా. ఆయన చెప్పలేదు, ఆయన మనుషులు చెప్పలేదు. నేను ముప్పై ఏళ్ళు ఏమనుకున్నానో తెలుసా? మమ్మల్ని మనుషుల్లా లెక్కెయ్యలేదనుకున్నాను. మమ్మల్ని చూసి భయపడ్డాడంటే, కనీసం మేం ఉన్నామని తెలిసినట్టేగా." ఇంకో కట్టె పేర్చింది. "ఆయనకి భయం వేసిందో లేదో నాకూ తెలీదు. నువ్వు మాత్రం అబద్ధం చెప్పినట్టు లేదు. ఉంచు."

ఉంచారు.

మొదటి ఆట తెర్నోయ్‌లోనే వేశారు, ఊరి హాల్లో. ఈసారి కుర్చీలు చాలక కొందరు గోడకి ఆనుకుని నిలబడ్డారు. తెర మీద తమని చూసుకుని ఆడవాళ్ళు మొదట తెగ నవ్వుకున్నారు. వంటింటి తెరలు ఉతికి వేసేదాన్ని, చెప్పాల్సింది కదా అని ఆస్లౌగ్ అందరికీ వినబడేలా ఇంగ్విల్‌ని సాధించింది. బోర్గిల్డ్ వంతు వచ్చేసరికి హాల్లో దగ్గు కూడా వినబడలేదు. లైట్లు వేశాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కాసేపు అలాగే కూర్చుని, తర్వాత లేచి కాఫీ పోసుకోవడం మొదలుపెట్టారు. టోర్‌గేర్ చేతికి ఎవరో ఒక కప్పు ఇచ్చారు, ఎవరిచ్చారో కూడా చూడలేదతను.

ఆ సినిమా తర్వాత నాలుగైదు ఊళ్ళలో ఆడింది. పత్రికలు మంచిగానే రాశాయి. గొప్ప పేరేమీ రాలేదు, వస్తుందని అతనూ అనుకోలేదు.

తెర్నోయ్‌లో మొదటి ఆట వేసిన రోజే, హాలు బయట గాలికి టోర్‌గేర్ నిలబడి ఉంటే బోర్గిల్డ్ వచ్చి పక్కన నిలబడింది. తర్వాతేం తీస్తావని అడిగింది. ఇంకా తెలియదన్నాడు.

"ఓలెసుండ్‌లో మా చెల్లెలుంది. జీవితమంతా ఆసుపత్రి లాండ్రీలో పనిచేసింది. దాని దగ్గర కోపం చాలా ఉంది. కానీ అది సీరియళ్ళు చూడదు, నువ్వెవరో కూడా తెలీదు దానికి. ఫర్వాలేదా?"

టోర్‌గేర్ పెద్దగా నవ్వాడు. లోపలికి తొంగి చూసి ఇంగ్విల్‌ని పిలిచి, ఓలెసుండ్‌కి పడవ ఎన్ని గంటలకని అడిగాడు.