మణికుమార్‌ని భూమికి దించాల్సిన బుధవారం

బెజవాడ ఆటోనగర్లో అంతోని లారీ షెడ్డు షట్టరు లేవగానే ఇశ్రాయేలు మేస్త్రి రోజూ అడిగే మాట ఒకటే.

"అమలమ్మా, ఇవాళ రాస్తావా? ఇంజను దించాలి."

అమలమ్మ అంతోని కూతురు. ఇంటర్లో లెక్కలు రెండుసార్లు తప్పింది. ఆ కసితో ఏలూరు రోడ్డు పాత పుస్తకాల కొట్లలో దొరికిన ఫిజిక్సు పుస్తకాలన్నీ నమిలి మింగేసింది. షెడ్డులో ఓ మూల స్టూలేసుకుని, ఓ వారపత్రికకి అంతరిక్షం సీరియల్ రాస్తుంది. కథ చంద్రుడి మీద నడుస్తున్నంతసేపూ షెడ్డులో బరువులన్నీ ఆరోవంతుకి తగ్గిపోతాయి. నలుగురు పట్టాల్సిన గేర్‌బాక్సుని ఇశ్రాయేలు ఒక్కడే, ఉయ్యాల్లోంచి పసిబిడ్డని తీసినట్టు తీసి పక్కన పెడతాడు. బరువులెత్తే చైన్ పుల్లీ తుప్పు పట్టిపోయింది. పక్క షెడ్లవాళ్ళు కూడా బళ్ళు తోసుకొచ్చి, "అమ్మాయిగారు చంద్రుడి మీదున్నారా అండీ?" అని అడుగుతారు. ఉందంటే పని. లేదంటే టీ.

ఓసారి సరదాపడి కథని గురుగ్రహానికి మళ్ళించింది. ఇశ్రాయేలు బల్ల మీంచి లేవలేక మధ్యాహ్నం భోజనం అక్కడే కానిచ్చి, "తల్లీ, ఆ ఊరు మనకొద్దు" అని దండం పెట్టాడు.

తొంభై నాలుగు వానాకాలంలో ఎడిటర్ సంజీవరావు గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. 'మీ హీరో మణికుమార్ ఎనిమిది నెలలుగా చంద్రుడి మీద ఒంటరిగా తిరుగుతున్నాడు. పాఠకులు విసిగిపోయారు. వెంటనే భూమికి దించి, పెళ్ళి చేసి ముగించండి. బుధవారం ఆటోనగర్లో పనుంది, ఆఖరి భాగం నేనే వచ్చి తీసుకుంటాను. ఆపైన అత్తాకోడళ్ళ కథైతే చూద్దాం.'

అత్తాకోడళ్ళ గురించి అమలమ్మకి ఒక్క ముక్క తెలీదు. మిగతా పత్రికలన్నీ ఆమె కథల్ని ఎప్పుడో తిప్పి పంపేశాయి. ఈ సీరియల్ ఆగితే రచయిత్రిగా ఆమె పని అయిపోయినట్టే.

"పెళ్ళంటే మంచి సంగతేగా, ఏడుపు మొహం దేనికే?" అన్నాడు అంతోని.

"ఆ అబ్బాయి ఇంకా శనిగ్రహం చూడలేదు నాన్నా!"

బుధవారం పదింటికి సంజీవరావు గారు ఆటో దిగారు. భారీ మనిషి. చేతికర్ర మీద ఒరిగి, మోకాళ్ళని తిట్టుకుంటూ అడుగులేస్తున్నారు. గుమ్మం దాటగానే కర్ర గోడకి ఆనించి, నూనె గుంటని ఒక్క గెంతులో దాటి అమలమ్మ ముందు నిలబడ్డారు.

"ఇంకా దించలేదా?"

"ఇప్పుడే రాకెట్ ఎక్కిస్తున్నానండీ."

"కానివ్వండి. కూర్చోనక్కర్లేదు, నాకు నిలబడ్డమే బావుంది."

అమలమ్మ పళ్ళు బిగించి రాసింది. రాకెట్ బయల్దేరింది. భూమి దగ్గరైంది. ఇంజను ఎత్తి పట్టుకున్న ఇశ్రాయేలు కేకేశాడు: "అమలమ్మా, మెల్లిగా దించు! చేతులు పోతున్నాయ్!"

ముగ్గురు పరిగెత్తుకెళ్ళి ఇంజనుకి భుజాలిచ్చారు. సంజీవరావు గారు మోకాళ్ళు పట్టుకుని పాత టైరు మీద కూలబడ్డారు.

"ఆగమ్మా, ఆగు! ఎందాకా వచ్చాడు?"

"మబ్బుల దాకా అండీ."

"వెనక్కి తిప్పండి."

"మరి పెళ్ళో?"

"పైనే చేద్దాం. పెళ్ళికూతుర్నీ, చుట్టాల్నీ, వంటవాళ్ళనీ ఇంకో రాకెట్లో పంపించండి."

ఆమె కలం గిర్రున తిరిగింది. సంజీవరావు గారు తేలిగ్గా లేచి నిలబడ్డారు. 

"అక్కడ తలంబ్రాలు కిందపడ్డానికి ఎంతసేపు పడుతుందమ్మా?"

"ఇక్కడికన్నా రెండున్నర రెట్లండీ."

"అయితే పెళ్ళి ఎలా లేదన్నా పదివారాలు నడుస్తుంది."

పధ్నాలుగు నడిచింది. సీరియలేమో ఆరేళ్ళు. ప్రతి బుధవారం భాగం తీసుకెళ్ళడానికి సంజీవరావు గారే వచ్చేవారు. మణికుమార్ శనిగ్రహాన్ని కూడా చూశాడు, కాకపోతే దిగకుండా, దాని చందమామల్లో ఒకదాని మీద నిలబడి.

రెండువేల ఆరులో అమలమ్మ పదకొండో నవల విడుదల సభ బెజవాడలోనే జరిగింది. ఓ పాఠకురాలు లేచి, "మీ కథలన్నీ చిన్న చిన్న చందమామల మీదే ఎందుకండీ జరుగుతాయి?" అని అడిగింది.

ముందు వరసలో రిటైరైన ఎడిటరు గారు మోకాళ్ళు నిమురుకుంటూ, జవాబు తనకి తెలియనట్టే ఫ్యానుకేసి చూశారు.