నిదానం రాసిన నాలుగు వాక్యాలు

ఊరంతా ఫ్లెక్సీలు వచ్చిపడ్డాక బోర్డులు రాసేవాడితో ఎవరికేం పని? మూడేళ్ళుగా అతని కుంచెలు డబ్బాలోనే ఎండిపోతున్నాయి. అలాంటివాడి దగ్గరికి చెల్లెలు వచ్చి కూర్చుంది.

"అన్నయ్యా, నీ అక్షరాలు ముత్యాలు కదా. నా కవలపిల్లలిద్దరికీ కాస్త రాయడం నేర్పించు. పెద్ద బడిలో మూడో తరగతికి పరీక్షట. అరగంటలో పది వాక్యాలు రాయాలి. తప్పినవాళ్ళు వీధి బడిలో మళ్ళీ రెండో తరగతే."

అతని గుండె పొంగింది. నాలుగో తరగతిలో బడి మానేసినవాణ్ణి చదువు చెప్పమని ఇన్నాళ్ళూ ఎవరడిగారు గనక!

పిల్లలకి అతను పెట్టుకున్న ముద్దుపేర్లు తొందర, నిదానం. చెల్లెలు బట్టల కార్ఖానా నుంచి వచ్చేదాకా ఇద్దర్నీ నేలమీద కూర్చోబెట్టి, తనకి వచ్చిన పద్ధతే నేర్పాడు. ముందు స్కేలుతో పైగీత, కిందగీత. మధ్యలో అక్షరాన్ని సన్నగా గీసుకోవాలి. వంకర లేదని చూసుకుని, అప్పుడు దిద్దాలి.

తొందర రెండు గీతలు గీసి, మిగతాది కోడి కెలికినట్టు కెలికి లేచిపోయేది. "చెయ్యి నొప్పి మామయ్యా!"

"పోవే, నీ రాత నీకే తెలియదు. చెల్లిని చూసి నేర్చుకో."

నిదానం మాత్రం నాలుక కొస పళ్ళమధ్య పెట్టుకుని, సున్నా గుండ్రంగా రాకపోతే చెరిపి మళ్ళీ రాసేది. "చాలా మామయ్యా?"

"ఇంకాస్త తల్లీ. నిదానమే ప్రధానం అన్నారు. నీ పేరు పెట్టే అన్నారు చూడు."

చెల్లెలు ఒకరోజు గుమ్మంలో నిలబడి చూసింది. "టైము అరగంటే అన్నయ్యా."

"నువ్వు వెళ్ళి కాజాలు కుట్టుకో. ఇది నా పని."

పరీక్షైన వారానికి పెద్ద బడి పంతులమ్మ అన్నాచెల్లెళ్ళని పిలిపించి రెండు కాగితాలు ముందు పెట్టింది. తొందర పది వాక్యాలూ రాసింది. ఒకదానిమీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి, అయినా నెగ్గింది. నిదానం కాగితంలో నాలుగే. ఐదోది సన్నగా గీసుకుంది గాని, దిద్దేలోపే గంట కొట్టేశారు. కింద మిగతా వాటికి తిన్నటి గీతలు, ఖాళీగా.

"ఇంత అందమైన రాత నా సర్వీసులో చూళ్ళేదండీ," అంది పంతులమ్మ. "కానీ నాలుగింటికి మార్కులు నాలుగే కదా."

"అయితే ఇక రాతెందుకమ్మా, ఫ్లెక్సీ కొట్టించుకోండి!" అన్నాడతను.

ఆవిడకి అర్థం కాలేదు. చెల్లెలికి అయింది. "ఊరుకో అన్నయ్యా," అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

బడులు తెరిచిన రోజు తొందర తల్లి చెయ్యి పట్టుకుని పెద్ద బడికి వెళ్ళిపోయింది. పుట్టాక ఒకరు లేకుండా ఒకరు వీధి దాటడం అదే మొదలు. నిదానాన్ని పాత బడికి అతనే తీసుకెళ్ళాడు. సగం దారిలో అది ఆగింది.

"మామయ్యా, నేనూ అక్కలాగే రాసేసుంటే అక్కతో వెళ్ళేదాన్నా?"

అబద్ధం చెప్పబోయి మానుకున్నాడు. "వెళ్ళేదానివే."

"మరి చెప్పలేదేం?"

"నాకు తెలీదమ్మా."

"పెద్దవాళ్ళకి కూడా తెలియదా?"

బడి గేటు రాగానే అది అతని చేతిలోంచి వేళ్ళు విడిపించుకుని, తనకంటే చిన్నపిల్లలున్న వరసలోకి వెళ్ళి నిలబడింది.