ఊదేదా, పీల్చేదా

నీలవేణి ఇంట్లో దుమ్మంటే మట్టి కాదు, జీడిపప్పు పొట్టు. పలాసలో కార్ఖానాల నుంచి పప్పు తెచ్చుకుని, ఇంట్లోనే పైపొర ఒలిచి ఇచ్చే ఆడవాళ్లు వీధి వీధికీ ఉన్నారు. నీలవేణీ, ఆమె అత్త సూరమ్మా ముందుగదిలో కూర్చుని చేసేది అదే పని. పప్పు ఒలిచేటప్పుడూ, చేటతో చెరిగేటప్పుడూ ఫ్యాను వేయకూడదు, తలుపు తీయకూడదు. ఫ్యాను గాలికి పొట్టు చెదురుతుందనీ, వీధిన పోయేవాళ్ల కళ్లు రాశి మీద పడితే కలిసిరాదనీ సూరమ్మ పట్టుదల. దాంతో ఆ ఎర్రటి పొట్టు మంచాల మీదా, బియ్యం డబ్బా మీదా పేరుకుని, చివరికి నీలవేణి గొంతులో కాపురం పెట్టింది. పడుకుంటే చాలు, ఛాతీలో పిల్లికూతలు.

టెక్కలి డాక్టరు దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. దుమ్ములో బతికే మనిషి ఎక్కడికి పోతుంది? వాక్యూమ్ క్లీనర్ కొనాల్సిందేనని నీలవేణి పట్టుబట్టింది. మొగుడు సింహాద్రి మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, పోరు పడలేక సరేనన్నాడు.

ఆదివారం సేల్స్ మనిషి టై కట్టుకుని రెండు రకాలు పట్టుకొచ్చాడు. ఎర్రది బొద్దుగా ఉంది. పీల్చడం తప్ప ఇంకో పని రాదు కానీ, సన్నటి పొడిని కూడా లోపలి సంచిలో బిగించి పట్టేస్తుంది. నీలంది అందంగా ఉంది. పీల్చడం అంతంత మాత్రమే, గొట్టం రెండో వైపు తగిలిస్తే మాత్రం ఊదుతుంది.

"ఊదుతాదా?" సింహాద్రి కళ్లు మెరిశాయి. "అయితే సేటతో పనే నేదు!"

అరుగు మీద ఒలిచిన పప్పు ఒక్క గుప్పెడు పోసి ఊదించాడు. పొట్టంతా లేచి పక్కింటి నూకమ్మ వాకిట్లో పడింది. పప్పు తెల్లగా మిగిలింది. సూరమ్మ బుగ్గలు నొక్కుకుంది. నీలందే ఖాయమన్నాడు సింహాద్రి.

నీలవేణికి ఒళ్లు మండిపోయింది. తన ఛాతీ కోసం అడిగిన యంత్రం, చూస్తుండగానే పప్పు పాలైపోయింది. ఆమె రోగం సంగతి ఒక్కరికీ గుర్తు లేదు.

"లోపలెట్టి సూపించు బాబూ," అంది.

"మేడమ్, ఊదడం బయటైతేనే బాగుంటుంది," అన్నాడు సేల్స్ మనిషి.

"మా ఇంట్లో పప్పు బయట సెరగరు. మా అత్తనడుగు."

"బయటెలాగ సెరుగుతాం? పదిమంది సూడరా?" అంది సూరమ్మ, తన మాట తనకే చుట్టుకుంటుందని తెలియక.

అందరూ గదిలోకొచ్చారు. నీలవేణి తలుపులు మూసి గడియ పెట్టింది. ఫ్యాను ఆపింది. చీరకొంగు ముక్కుకు కట్టుకుంది. సింహాద్రి రాశి మీదికి గొట్టం పెట్టి దర్జాగా మీట నొక్కాడు.

గదిలో ఎర్రటి మబ్బు లేచింది. సేల్స్ మనిషి టైతో ముక్కు మూసుకున్నాడు. సూరమ్మ వంగిపోయి దగ్గింది. సింహాద్రి కళ్లనీళ్లు కారుతూ, యంత్రం ఆపి తలుపు దగ్గరికి పరుగెత్తాడు. గడియకు అడ్డంగా నీలవేణి నిలబడి ఉంది.

"తలుపు తియ్యే!"

"తియ్యను మావా. ఈ కాసేపటికే నీ పేణం మీదికొచ్చిందా? పెళ్లైన కాడ్నుంచీ నాను మింగుతన్నదిదే. నా ఊపిరి కోసం యంతరం అడిగితే, నీ పప్పుకి బేరమాడుతన్నావా?"

అతను నోరు తెరిచేసరికి దగ్గు తెర ముంచుకొచ్చింది.

అప్పుడు నీలవేణి గడియ తీసి, తలుపులు బార్లా తెరిచింది. ఫ్యాను కూడా వేసింది. రాశి వీధిలోకి కనిపిస్తుందని సూరమ్మ గొణుగుతున్నా వినిపించుకోలేదు. ఎర్రదాన్ని తనే ప్లగ్గులో పెట్టి గదంతా లాగడం మొదలుపెట్టింది. నేల మీది పొట్టు గొట్టంలోకి పోతోంది. పొట్టుతో పాటు పప్పు బద్దలు కూడా టకటకమంటూ పోతున్నాయి.

"ఒలే, బద్దలు పోతన్నాయే! ఆపే!" సూరమ్మ గుండెలు బాదుకుంది.

నీలవేణి ఆపలేదు. మొగుడి వైపూ అత్త వైపూ సూటిగా చూసింది.

"పోనీ అత్తా. పప్పు మల్లీ ఏడాదికి సెట్టుకి కాత్తాది. నా ఊపిరి ఏ సెట్టుకి కాత్తాది?"