ఎనిమిది రోజుల లెక్క

ప్రసన్నకుమారి కూర్మన్నపాలెంలో ఒక ప్రైవేటు బళ్లో లెక్కల టీచరు. భర్త హెన్రీది స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. రెండు రోజులు ఉదయం డ్యూటీ, రెండు రోజులు మధ్యాహ్నం, రెండు రాత్రిళ్లు, ఆపైన రెండు రోజులు సెలవు. ఎనిమిది రోజులకు మళ్లీ మొదటికి. వారానికేమో ఏడే రోజులాయె! అందుకే వరసగా రెండు ఆదివారాలు హెన్రీ ఖాళీగా ఉంటే, తర్వాత ఆరు ఆదివారాలూ డ్యూటీయే. యాభై ఆరు రోజులు గడిస్తే గానీ ఆ వరస తిరిగి మొదలవదు. పెళ్లయిన కొత్తలోనే ఆమె ఇది కనిపెట్టింది. ఏటా క్యాలెండరు మీద ఏడాది మొత్తానికీ గుర్తులు పెట్టేసేది.

ఇరవై అయిదో పెళ్లిరోజు డ్యూటీ ఆదివారం నాడు పడింది.

“ఎవరితోనైనా మార్సుకో. ఒక్క రోజే కదా,” అంది.

“మార్సుకుంటే నా సెలవు పోద్దే. ఎప్పుడూ లేనిది ఇప్పుడేటి?” అన్నాడు హెన్రీ.

ఆమె పట్టు వదల్లేదు. తోటి ఉద్యోగి త్రినాథరావు ఒప్పుకున్నాడు. ఆదివారం అతను వెళ్తాడు, బదులుగా ఆ తర్వాత వచ్చే శుక్రవారం అతని మధ్యాహ్నం డ్యూటీకి హెన్రీ వెళ్లాలి.

శుక్రవారం జోరున వాన. డ్యూటీకి వెళ్తూ హైవే మలుపులో బండి జారి హెన్రీ చనిపోయాడు.

సమాధి చేసి వచ్చాక కూడా ఆమె మనసు లెక్క మానలేదు. ఈ పూట ఉదయం డ్యూటీ అనుకుని నాలుగింటికే లేచేది. క్యారేజీ కడిగాక గుర్తొచ్చేది.

మూడో ఆదివారం సాయంత్రం త్రినాథరావు వచ్చాడు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

“గురువారం ఎల్తానన్నాడు బావ. కాదని నానే శుక్రవారం ఎల్లమన్నాను. నానే సంపేసుకున్నాను సెల్లెమ్మా.”

పాస్టరు గారితో కూడా అనలేని మాట అప్పుడు ఆమె నోట వచ్చింది.

“ఆయనకసలు మార్సుకోడమే ఇష్టం నేదన్నయ్యా. బతిమాలింది నాను.”

అతను ఓదార్చబోలేదు.

“ఆ ఆదివారం బాగా గడిసిందా?” అని మెల్లగా అడిగాడు.

భీమిలి వెళ్లామని చెప్పింది. వేయించిన చేపలు తిన్నామని, ఇసకలోనే ఆయన తన ఒళ్లో తలపెట్టి నిద్రపోయాడని, లేపబుద్ధి కాక ఆఖరి బస్సు వదిలేశానని చెప్పబోయింది. మాట పూర్తికాకుండానే ఏడ్చేసింది. హెన్రీ పోయాక ఆమె బిగ్గరగా ఏడవడం అదే మొదటిసారి.