నీటి మీద పిలుపు

సంచిలో ముందు ఉన్ని బనియన్లు పెట్టింది ఎర్మీనియా. రెండు చాలన్నాడు తమ్ముడు. నాలుగు పెట్టింది. వాటి మీద, అడుగున మెత్తటి తోలు కుట్టిన పందెం లాగులు, పుండ్లు పడితే రాసుకోవడానికి కర్పూరం కలిపిన కొవ్వు డబ్బా, గుడ్డలో చుట్టిన జున్నుగడ్డ, నాన్న గడ్డం కత్తి. సంచి మూతి బిగించబోయి మళ్ళీ విప్పి ఇంకో జత మేజోళ్ళు కుక్కింది.

"అక్కా, నేను పోయేది సైకిలు పందేనికి. యుద్ధానికి కాదు" అన్నాడు ఎలీజియో.

"యుద్ధానికి పోయినవాడు కూడా ఇన్ని ఎందుకనే అన్నాడు."

ఎలీజియో అన్న తుల్లియో రష్యా మంచులోకి నడిచి వెళ్ళి పదకొండేళ్ళు దాటింది. ఇంట్లో మిగిలింది వీళ్ళిద్దరే. ఎర్మీనియాకి నలభై రెండు, ఎలీజియోకి ఇరవై ఆరు. కార్వాగోలో ఇళ్ళు ముప్ఫై ఒకటి, మనుషులకంటే ఆవులు ఎక్కువ, ఆ రెంటికంటే రాళ్ళు ఎక్కువ.

"ఈసారితో తేలిపోతుంది లే" అన్నాడు ఎలీజియో. "గెలిచాననుకో, మిలాన్ ఫ్యాక్టరీ జట్టు నాలుగేళ్ళకి కావాలంటోంది. అక్కడే ఉండాలి. గెలవకపోతే సెప్టెంబరుకి వచ్చేస్తా. సైకిలు గోడకి తగిలించి ఆవుల్ని చూసుకుంటా. ఒట్టు."

"గెలిచి రారా" అంది ఎర్మీనియా. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని ఆమెకి తెలుసు. సంచి అతని భుజానికి తగిలించి, పట్టీ మెలిక పడితే సరిచేసి, బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

ఇటలీ అంతా చుట్టి వచ్చే పందెం అది. మూడు వారాలు తొక్కాలి. రోజూ పట్టిన కాలం కూడుతూ పోతారు. అందరికంటే తక్కువ కాలం ఎవరిదైతే గులాబీ రంగు చొక్కా వాళ్ళది. మొదటి రెండు వారాలూ ఎలీజియో పేరు పత్రికల్లో ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. కొండలు వచ్చాయి. మూడు రోజుల్లో మూడు కనుమలు ఎక్కి, పైవాళ్ళని ఒక్కొక్కరినే వెనక్కి నెట్టి, నాలుగో రోజుకి గులాబీ చొక్కా వేసుకున్నాడు. కార్వాగో చర్చి గంట ఆ సాయంత్రం ఆగకుండా మోగింది. గంట కొట్టే బత్తిస్తాకి మర్నాడు చేతులు పైకి లేవలేదు.

ఇల్లలకగానే పండగ అవుతుందా? పంతొమ్మిదో రోజు సరస్సు పక్కన యాభై రెండు కిలోమీటర్ల ఒంటరి పందెం ఉంది. అందులో ఎవరి ముందూ ఎవరూ ఉండరు, ఎవరి వీపు చాటునా ఎవరూ దాక్కోలేరు. మూడేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కరినే వదులుతారు. మనిషీ, దారీ, గడియారం. కొండ మీద ఎలీజియో ఎదుటివాడి మొహం చూసి తొక్కేవాడు. వాడి పెదవి వంకర పోగానే ఇదే అదను అనుకునేవాడు. ఇక్కడ చూడ్డానికి మొహమే ఉండదు.

పైగా రెండో స్థానంలో ఉన్నది ఒట్టావియో గాస్పెరీని. మైదానం మనిషి, ముప్ఫై ఏడేళ్ళవాడు, ఒంటరి పందేల్లో అతణ్ణి కొట్టినవాడు లేడు. ఎలీజియోకి అతని మీద రెండు నిమిషాల నలభై ఎనిమిది సెకన్ల ఆధిక్యం ఉంది. అది చాలదని పత్రికలన్నీ రాశాయి.

బత్తిస్తా సారాకొట్టులో పత్రిక పరిచి పందెం దారి బొమ్మ మీద వేలు పెట్టాడు. ముప్ఫై తొమ్మిదో కిలోమీటరు దగ్గర సరస్సు ఒడ్డున ఒక చర్చి. అక్కడినుంచి దారి చిన్న అఖాతం చుట్టూ మూడు కిలోమీటర్లు తిరిగి అవతలి కొనకి వస్తుంది. నీటి మీదుగా అయితే అర కిలోమీటరు కూడా లేదు.

"ఇరవయ్యో కిలోమీటరు దగ్గర జట్టువాళ్ళకి ఫోనుంది. ఆ తర్వాత చివరిదాకా ఏమీ లేదు. మనవాడు గుడ్డివాడిలా తొక్కాలి" అన్నాడు బత్తిస్తా. "చర్చి దగ్గర నేను గడియారం పట్టుకుంటా. గాస్పెరీని పోయాక మనవాడు ఎంతసేపటికి వచ్చాడో చూసి, వాడికింకా ఎన్ని సెకన్లు మిగిలాయో నీళ్ళ మీదుగా పిలుస్తా. వాడు అఖాతం చుట్టి వచ్చేలోగా పిలుపు అవతల ఉండదూ?"

కార్వాగో వాళ్ళకి పిలుపు కొత్తేమీ కాదు. వేసవిలో ఎత్తు మేతభూముల్లో ఒక గుడిసెనుంచి ఇంకో గుడిసెకి కబురంతా గొంతుతోనే పోతుంది. విన్నవాళ్ళు ముందు విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి, తర్వాత ముందుకి అందించాలి. ఒక్క మాట తీయకూడదు, కలపకూడదు. ఎర్మీనియా ఆ నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందో ఊరందరికీ తెలుసు. పన్నెండేళ్ళ కిందట ఆమె పైన గుడిసెలో ఉండగా, "అమ్మకి బాగాలేదు, వెంటనే రా" అని కింది నుంచి కబురు బయల్దేరింది. మధ్యలో ఎవరో జాలిపడి "వెంటనే" అన్నది మింగేశారు. పాలు పితకడం ముగించుకుని దిగేసరికి అమ్మ లేదు. పద్నాలుగేళ్ళ ఎలీజియో ఒక్కడే ఆ చేయి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మింగింది ఎవరో ఎప్పటికీ తెలియలేదు.

పందెం రోజు పాల లారీలో పదకొండు మంది దిగారు. చర్చి మెట్ల మీద బత్తిస్తా. నీటి మధ్య పడవలో పొరుగింటి జెల్మీనా, ఎందుకంటే ఆమె గొంతుకి రెండు లోయల్లో సాటి లేదు. అవతలి కొనలో గోడ మీద ఎర్మీనియా. మిగిలినవాళ్ళు దారి పక్కన జనం నోరు మూయించడానికి.

పడవ ఎక్కేముందు జెల్మీనా ఆమె పక్కన చతికిలబడి ఉడికించిన గుడ్డు ఒలిచింది. వరస తలకిందులుగా వదులుతారు కాబట్టి పొద్దుటినుంచీ పట్టిక అడుగువాళ్ళే పోతున్నారు. "వీణ్ణి చూడవే. ఇలా తొక్కితే వీడి బిడ్డలకి పెళ్ళిళ్ళయ్యాక చేరతాడు!"

"నోర్ముయ్. వినబడుతుంది."

"వినబడితే తొందరపడతాడు, పుణ్యం నాకే." గుడ్డు సగం నోట్లో వేసుకుంది జెల్మీనా. "అయినా నీకేం దిగులే? గెలిస్తే ఊరికి పేరు. ఓడితే తమ్ముడు ఇంటికొస్తాడు. ఓడితేనే నీకు పండగ, కాదన్నావంటే కళ్ళు పోతాయి."

"లే, పడవెక్కు" అంది ఎర్మీనియా కోపంగా. ఆ కోపం జెల్మీనా మీద కాదని ఇద్దరికీ తెలుసు.

మధ్యాహ్నం మూడు దాటాక దక్షిణం నుంచి గాలి లేచింది. సరస్సు నిండా తెల్లటి గీతలు పడ్డాయి. ఆ గాలిలోనే గాస్పెరీని వచ్చాడు. ఎర్మీనియా అతణ్ణి చూసి తనకి తెలియకుండానే లేచి నిలబడింది. వీపు మీద నిండు గ్లాసు పెడితే చుక్క తొణకదు. కాళ్ళు తప్ప ఇంకేమీ కదలడం లేదు. చక్రం చప్పుడు పట్టుగుడ్డ చింపినట్టుంది. తమ్ముడికి శత్రువని మర్చిపోయి, "అబ్బ, ఎంత బాగా చేస్తున్నావయ్యా" అనుకుంది. పక్కన ఎవరో ముసలాయన టోపీ తీశాడు.

ఇంకొద్దిసేపటికి నీటి మీద జెల్మీనా కేక లేచింది. రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని, ఊగుతూ, భయంతో కళ్ళు మూసుకుని అరుస్తోంది.

"ఓ... హో... ప...ది...హే...డూ..."

ఎర్మీనియా చేతులు నోటి చుట్టూ పెట్టుకుని తిరిగి చెప్పింది. "పదిహేడూ..."

రెండు నిమిషాల నలభై ఎనిమిదిలో పదిహేడు సెకన్లే మిగిలాయి. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర ఒక్క నిమిషం కూడా పోలేదని రేడియోలో అన్నారట. ఆ తర్వాత గాలి లేచి, తేలిక మనిషిని పట్టుకుని వెనక్కి లాగేసింది. ఆ సంగతి ఎలీజియోకి తెలియదు. వెనక కారులో ఉన్న జట్టు పెద్దకీ తెలియదు. ఇదే తీరున పోతే ఇంకో నాలుగు కిలోమీటర్లలో గులాబీ చొక్కా గాస్పెరీనిది.

అఖాతం చుట్టి రావడానికి నాలుగు నిమిషాలు పైనే పడుతుంది. అంతసేపూ ఆ అంకె ఆమె దగ్గరే ఉంది.

"నిమిషం ఉందిరా, నెమ్మదిగా పో" అంటే చాలు. నమ్ముతాడు. జట్టు పెద్ద మాట నమ్మకపోవచ్చు, దేవుడి మాట నమ్మకపోవచ్చు, పిలుపుని నమ్ముతాడు. సెప్టెంబరుకి వాకిట్లో అతని బూట్లు ఉంటాయి. మొక్కజొన్న సంకటి ఇద్దరికి వండుతుంది. చలికాలం అంతా అవతలి గదిలో మనిషి దగ్గు వినబడుతుంది. ఇది ఎవరికి తెలుస్తుంది? జెల్మీనాకి, బత్తిస్తాకి తెలుస్తుంది. వాళ్ళు కూడా ఏమీ అనరేమో. జాలిపడతారు. ఆ రోజు "వెంటనే" మింగినవాళ్ళు కూడా పాపం ఇలాగే ఆలోచించి ఉంటారు.

ఎలీజియో మలుపు తిరిగాడు. గాస్పెరీనిలా లేడు. భుజాలు ఊగుతున్నాయి, తల పక్కకి వాలింది, మొహం మీద ఉప్పు చారలు. అయినా కంగారు లేదు. చేతిలో ఇంకా మిగిలి ఉందనుకునే మనిషి తీరు అది. కారులోంచి జట్టు పెద్ద చేయి బయట పెట్టి, నిదానం, నిదానం అని సైగ చేస్తున్నాడు.

"ఎలీజియో! పదిహేడూ..."

తల తిప్పలేదు. పెదవులు మాత్రం కదిలాయి. విన్నది విన్నట్టు తిరిగి చెబుతున్నాడు. తర్వాత సీసా తీసి పొదల్లోకి విసిరాడు, టోపీ విసిరాడు, రెండు చేతులూ హ్యాండిల్ అడుగు వంపుకి జార్చి, నడుము వంచి, మొహాన్ని చక్రం మీదికి తెచ్చాడు. అతను అలా వంగడం ఆమె అంతకుముందు ఒక్కసారే చూసింది, మంచులో తప్పిపోయిన దూడని వీపున వేసుకుని ఇంటికి ఎక్కి వచ్చినప్పుడు. ఊగే భుజాలు ఆగిపోయాయి. కారు హారన్ మోగుతూనే ఉంది. ఆమె గోడ మీద నిలబడి, ఆ గులాబీ చుక్క సొరంగంలోకి దూరేదాకా చూసింది.

పక్క ఊరి మంగలి కొట్టులో రేడియో ఉంటే అందరూ అక్కడికి పరుగెత్తారు. జెల్మీనా తడిసి ముద్దయి వచ్చింది.

"మునిగి చచ్చేదాన్ని! ఆ పడవవాడు వెధవ, నేను అరుస్తుంటే నవ్వుతాడే!"

"ష్!" అన్నాడు మంగలి, సగం గీసిన గడ్డాన్ని గాలికి వదిలేసి.

రేడియో గాస్పెరీని కాలం చెప్పింది. అందరికంటే తక్కువ. తర్వాత ఎలీజియోది చెప్పింది. ఎలీజియో అతనికంటే రెండు నిమిషాల నలభై నాలుగు సెకన్లు ఎక్కువ తీసుకున్నాడు. బత్తిస్తా వేళ్ళు మడిచాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"నాలుగు" అన్నాడు. "నాలుగు సెకన్లు మిగిలాయి."

చర్చి నుంచి చివరిదాకా, పదమూడు కిలోమీటర్లలో, కొండమనిషి ఆ మైదానం రాజుకి పోగొట్టుకున్నది పదమూడు సెకన్లే. అందులో ఎక్కువ భాగం పిలుపు వినకముందే పోయింది. పొద్దుటి పట్టికకీ సాయంత్రం పట్టికకీ పోలిక లేదు. మూడో స్థానంలో ఉన్న స్పెయిన్ కొండవాడు తొమ్మిదికి జారిపోయాడు. ఎనిమిదో స్థానంలో పడి ఉన్న స్విస్ మనిషి మూడుకి ఎక్కి కూర్చున్నాడు. మధ్యలో ఉన్నవాళ్ళందరూ బస్తాలో గింజల్లా కలిసిపోయారు. కదలని పేర్లు పైన రెండే. చివరి గీత దగ్గర గాస్పెరీని నడిచి వచ్చి ఎలీజియో చొక్కా కాలరు సరిచేసి, "ఇది నీకే నప్పింది అబ్బాయ్" అన్నాడని రేడియో చెప్పింది. జెల్మీనా మంగలి తువ్వాలు లాక్కుని భోరున ఏడ్చింది.

చీకటి పడకముందే ఎర్మీనియాని హోటల్లోకి రానిచ్చారు. ఎలీజియో బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు, ఎవరో కాళ్ళు మర్దనా చేస్తున్నారు.

"నీ గొంతేనని తెలిసింది అక్కా. అంకె విని గుండె జారిపోయింది."

"నాలుగు నిమిషాలు నా దగ్గర పెట్టుకున్నానురా" అంది ఆమె. "వేరే అంకె చెబుదామనుకున్నా."

ఆమె తలవంచుకుని బల్ల అంచున ఉన్న నూనె మరక చూస్తూ నిలబడింది.

"నీకు సెప్టెంబరు కావాలని నాకు తెలియదా?" అన్నాడు ఎలీజియో. "తెలిసే నమ్మాను." చేయి వెనక్కి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మర్దనా చేసే మనిషి మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ నాలుగు సెకన్లూ పందెం ముగిసే మిలాన్ దాకా నిలిచాయి. గులాబీ చొక్కా ఎలీజియోదే అయింది. ఫ్యాక్టరీ జట్టు సెప్టెంబరు మొదట్లోనే పిలిచింది, వెళ్ళాడు. నవంబరు రెండున, చనిపోయినవాళ్ళ పండగకి ఊరొచ్చి, అమ్మ సమాధి మీద అక్కతో కలిసి చేమంతులు పెట్టాడు. 1954 నవంబరు మూడు, బుధవారం పొద్దున బస్సెక్కి వెళ్ళిన ఎలీజియో, నాలుగేళ్ళ గడువు తీరాక కూడా మిలాన్‌లోనే ఉండిపోయి, మళ్ళీ కార్వాగోకి రాలేదు.